ఇరవయ్యో తారీఖు

కాలిన మోటారు వాసన ముందొస్తుంది,
మనిషి వెనకొస్తాడు.
నెల్లిమర్ల రోడ్డులో నా కొట్టు ముందు
ఆటో దిగినవాడు నోరు తెరవకముందే
ఏ కాయిలు మాడిందో నా ముక్కు చెప్పేస్తుంది.

పన్నెండేళ్లయింది
మిల్లు మస్టరులోంచి పేరు కొట్టించుకుని.
సైరను కూసినా లేవక్కర్లేదన్న
ఒకే ఒక్క సుఖం కోసం.
ఇప్పటికీ కూస్తుంది. ఇప్పటికీ మెలకువొస్తుంది.
కాకపోతే పక్క మీదే ఉండి దాన్ని వినడంలో
ఒక దర్జా ఉండేది.

మూడు లాంతర్ల దగ్గర, మేడ మీద,
ఆడిటరు సోమయాజులు గారు
కళ్లజోడు నుదుటికెక్కించి అన్నారు:
"నంబరు తీసుకో నాయనా,
నంబరు లేనివాడి బిల్లు మిల్లువాళ్లు ముట్టుకోరు."
తీసుకున్నాను.
అంకెలూ అక్షరాలూ కలిపి పదిహేను,
మా అమ్మ పెట్టిన పేరుకన్నా పొడుగు.
బోర్డు మీద రాయడానికి
పెయింటరు అక్షరానికి పదేసి అడిగాడు.

భాద్రపదంలో మిల్లుకి ఏడు మోటార్లు చుట్టాను.
నలభై రెండు వేల బిల్లు.
దాని మీద పన్ను ఏడు వేల ఐదువందల అరవై.
కార్తీకం దాటినా మిల్లు డబ్బు రాలేదు.
ఇరవయ్యో తారీఖు మాత్రం వచ్చింది.
రాగితీగకని దాచిన దాంట్లోంచి తీసి కట్టాను,
పుట్టని దూడకి పలుపు కొన్నట్టు.

ఫోర్‌మన్ వెంకటపతి టీ తాగించాడు.
"ఏటికిరా నీకీ గోల? మళ్లీ వచ్చీ.
నెలకి పద్దెనిమిది వేలు. పీయఫ్ ఉంది, ఈయస్సై ఉంది.
జొరమొస్తే పడుకోవచ్చు."
అక్కడా పద్దెనిమిదే, ఇక్కడా పద్దెనిమిదే.
నవ్వొచ్చింది గాని నవ్వలేదు.
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

రాత్రి నోటుబుక్కు తీసి పెన్సిలుతో గీత గీశాను.
అటు పక్క రాయడం తేలికే, అన్నీ రూపాయలే.
ఇటు పక్క ఏం రాయను?
మధ్యాహ్నం రెండింటికి షట్టరు సగం దించి
చాప మీద నడుం వాల్చడం ఎంత?
"కుదరదు" అన్న మాట
తల దించుకోకుండా అనగలగడం ఎంత?

మాఘం మొదట్లో గరివిడి నుంచి
లెంక అసిరినాయుడు మోటారు దింపాడు.
"జొన్నపొత్తు పాలోసుకుంటంది బాబూ,
రేపటికల్లా తిరగాల."
మూడు వేలు. పన్నుతో మూడు వేల ఐదువందల నలభై.
"ఆ ఐదొందల నలభై ఎవులికి?"
వేలు పైకి చూపించాను.
పైకి చూశాడు.
రేకుల కప్పు, ఒక బల్లి.

మిల్లుకైతే ఆ పన్ను లెక్కల్లో తిరిగొస్తుంది.
అసిరినాయుడికి తిరిగేది మోటారొక్కటే.
రోడ్డవతల కొట్టులో నంబరు లేదు, బిల్లు లేదు,
మూడు వేలంటే మూడు వేలే.
అతనికీ తెలుసు.
అయినా నా బల్ల మీదే కూచున్నాడు, తువ్వాలు విదిలించి.
నేనడక్కుండానే అన్నాడు:
"మొన్న సుట్టింది ఆరేళ్లు తిరిగింది గదా."

ముప్పై ఆరు గాళ్లు,
గాడికి నలభై మూడు చుట్లు.
తవుడు లైటు పట్టుకున్నాడు.
ఇరవై ఏడో చుట్టు దగ్గర
అన్నం గిన్నెతో వచ్చి నీలవేణి అడిగింది:
"ఏటి తేల్చావు మరి? లాబమా, కాదా?"
లెక్క తప్పింది.
విప్పి, మళ్లీ ఒకటి నుంచి.

బిల్లు ఇలా రాశాను:
కూలి రెండు వేల ఐదువందల నలభై రెండు,
పన్ను నాలుగువందల యాభై ఎనిమిది.
మొత్తం మూడు వేలు.
ఇలాంటివి నెలకి ఎన్ని రాయగలనని అడిగితే
సోమయాజులు గారి కళ్లజోడు
నుదుటి మీంచి జారి పడుతుంది.

మోటారు గొణుగు లేకుండా తిరిగింది.
అసిరినాయుడు దాని వీపు మీద చెయ్యేసి
కాసేపు అలాగే ఉన్నాడు.

మిల్లు కాగితం వార్నిషు డబ్బా కింద దొరికింది.
సంతకం పెట్టాల్సిన చోట
గోధుమరంగు గుండ్రటి మరక.
ఇంకా తడి ఆరలేదు.

ఈ తెల్లారి సైరను కూస్తే
ఎందుకో లేచి కూచున్నాను.
మంచినీళ్లకే అనుకుంటాను.
ఇవాళ పద్దెనిమిది.
ఇంకా రెండు రోజులున్నాయి.